పిట్టకు పెట్టిన జెర్సీ

ఆదివారం పొద్దున నేను పోగానే మా పెద్దమ్మ అడిగే మొదటి మాట, "గెలిచిండ్రా?"

ఆమెకు ఫుట్‌బాల్ తెలియదు. ఎంతమంది ఆడతారో తెలియదు. ఇంగ్లాండు ఏ దిక్కున ఉన్నదో తెలియదు. అది తన కొడుకు టీము అని మాత్రం తెలుసు. ఆ కొడుకు, వరుసకు నాకు అన్న, పోయిన చలికాలం కిడ్నీలు చెడిపోయి చనిపోయాడు. అప్పటినుంచి ఆమె అడుగుతున్నది, నేను చెప్తున్నాను. గెలిస్తే గెలిచిండ్రని, ఓడితే ఓడిండ్రని. నేను చెప్పేదంతా నిజమే. అయినా ఆ ఇంట్లోకి పోతుంటే ప్రతివారం నాకు సిగ్గుగా ఉంటుంది.

అన్న గల్ఫ్‌లో ఒక దేశంలో రాడ్ బెండింగ్ పని చేశాడు. దేశం పేరు రాయను. రాస్తే తప్పంతా అక్కడే ఉన్నట్టు అవుతుంది. మా చేవెళ్ళ నుంచి అటు పోయేవాళ్ళు తక్కువ. అన్న ఉన్న గదిలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. పక్క మంచం మీద ఒక మలయాళీ ఉండేవాడు. ఇంగ్లాండులో ఒక క్లబ్బు అంటే అతనికి ప్రాణం. పెద్ద క్లబ్బేమీ కాదు, ఎక్కువగా ఓడిపోయేది. పని నుంచి వచ్చాక ఇద్దరూ ఒకే ఫోన్లో ఆ ఆటలు చూసేవారు. అన్నకు ఆట నేర్పింది అతనే.

ఒక ఎండాకాలం ఆ మలయాళీ స్లాబు మీద పనిచేస్తూ పడిపోయి చనిపోయాడు. సహజ మరణం అన్నారట. అన్నకు కూడా అప్పటికే కాళ్ళు వాచేవి. ఇంటికి పోతానంటే పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉన్నది. కఫీల్ అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని. అతను సరే అనేదాకా కదలడానికి లేదు. సరే అనేసరికి చాలా ఆలస్యమైంది. "ఎండల నీళ్ళు తాగకుండ పనిచేసినవా?" అని ఇక్కడి దవాఖానలో డాక్టర్ అడిగితే అన్న నవ్వాడు.

పెద్దమ్మ ఆ దేశాన్ని తిట్టేది. బియ్యం చెరుగుతూ తిట్టేది, బట్టలు ఆరేస్తూ తిట్టేది. "నా కొడుకును పిండి పంపిండ్రు, వాళ్ళ ఇండ్లు కూలిపోను" అనేది. అన్న ఆమెను ఆపేవాడు కాదు, తోడుగా తిట్టేవాడూ కాదు.

అన్న తిరిగొచ్చేటప్పుడు తనతో ఆ టీమును తెచ్చాడు. మేం క్రికెట్ మనుషులం. ఆయన చెప్పే తీరు విని ఇటు తిరిగాం. ఒక గోల్ గురించి చెప్పాలంటే బంతి ఎవరి కాలి నుంచి ఎవరి కాలికి పోయిందో మొదటినుంచీ చెప్పేవాడు. గోల్ ఇక పడుతుందనగా ఆగేవాడు. మొయినాబాద్‌లో మా స్నేహితుడికి టెంట్ హౌస్ ఉన్నది. ఫంక్షన్లకు కిరాయికి ఇచ్చే ప్రొజెక్టర్ ఖాళీగా ఉన్న శనివారం సాయంత్రం గొడౌన్ గోడ మీద ఆట వేసేవాడు. కుర్చీల దొంతులు, వంట గిన్నెలు, మడతపెట్టిన షామియానాల మధ్య నలుగురైదుగురం కూర్చునేవాళ్ళం. అన్న చలికి పూర్తి చేతుల చొక్కా వేసుకుని దాని మీద జెర్సీ తొడుక్కునేవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న పాత జెర్సీ అది.

అప్పుడు ఆ దేశపు సర్కారు మా క్లబ్బును కొన్నది.

ఏ దేశమో రాయనక్కర లేదు. అన్నను ఆ స్థితిలో పంపిన దేశమే.

ఆ వారం నేను దొరికిందల్లా చదివాను. నేను డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, చదవడం నా అలవాటు. అక్కడ కూలీలు ఎట్ల బతుకుతారో, మాట్లాడినవాళ్ళను ఏం చేస్తారో, చేతికంటిన మరక కడుక్కోవడానికి ఆటలను ఎట్ల కొంటారో చదివాను. చదివింది నిజమని తెలుసుకోవడానికి నాకు పుస్తకాలు అక్కర లేదు. పక్క కుర్చీలో కూర్చునే మనిషి చాలు. అయినా చదివాను. క్లబ్బు అభిమానులదే తప్ప యజమానులది కాదు అనే వాక్యం ఒకచోట దొరికింది. మంచి వాక్యం. నాకు పనికొచ్చింది కాబట్టి నమ్మాను.

టెంట్ హౌస్ స్నేహితుడికి అంత కష్టం లేదు. "ఫామ్‌హౌస్‌లు కట్టినోళ్ళ పైసలు యాడికెల్లి వచ్చినయో మనం అడిగినమా? ఫోన్ చేస్తే పోయి టెంటు ఏసి వస్తలేమా?" అన్నాడు. "గిప్పుడు ఇంగ్లాండోళ్ళ లెక్క నీతులు జెప్తె ఎట్ల? ఇగ చూడు, పెద్ద పెద్ద ప్లేయర్లొస్తరు."

ఆ శనివారం గొడౌన్‌కు పోయేసరికి అక్కడ పండుగలా ఉన్నది. అమ్మకం ఖాయమైన రోజు స్టేడియం బయట కొందరు అభిమానులు అరబ్బుల వేషం వేసుకున్న ఫోటోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. మా టెంట్ హౌస్ వాడు ఊరుకుంటాడా. భోజనాల బల్లల మీద పరిచే తెల్ల గుడ్డలు తీసి అందరి నెత్తిన వేశాడు. పాత సైకిల్ ట్యూబు కోసి నల్ల పట్టీలు చేసి వాటి మీద బిగించాడు. నేనూ కట్టించుకున్నాను.

అన్న వెనక కుర్చీలో ఉన్నాడు.

"అన్నా, జర ముంగటికి రా. మాకంటే నీకే మంచిగ ఒప్పుతది. అసలు షేకువు నువ్వే" అన్నాడు మావాడు.

"అక్కడ ఉండొచ్చినోడు గదనే, కట్టుడు ఆయననే అడుగు" అన్నాడు ఇంకొకడు.

అన్న వచ్చి కూర్చున్నాడు. క్షవరానికి కూర్చున్నవాడిలా మెడ కదపకుండా ఉన్నాడు. మావాడు గుడ్డ కప్పి, ట్యూబు బిగించి, ఫోటో తీశాడు. ఫోటో అయ్యాక అన్న ట్యూబు తీశాడు, గుడ్డ తీశాడు. గుడ్డను అంచులు కలిపి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"మా కఫీల్ గూడ గిట్లనే కట్టుకుంటుండె" అన్నాడు. "ఇంత అధ్వాన్నంగ కాదు."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

ఆట సగం కాకముందే అన్న లేచాడు. "రేపు దవాఖాన ఉన్నది, పోయొస్త" అన్నాడు. పోతూ జెర్సీ విప్పి కుర్చీకి తగిలించాడు. మరిచిపోయాడని అనుకున్నాం. తర్వాత మళ్ళీ రాలేదు. జెర్సీ అక్కడే ఉండిపోయింది. దుమ్ము పడకుండా మావాడు దాన్ని ప్రొజెక్టర్‌కు చుట్టడం మొదలుపెట్టాడు.

డయాలసిస్‌కు అన్నను పట్నం తీసుకుపోయేది నేనే. ఒకరోజు మొయినాబాద్ దాటాక రోడ్డు పనుల దగ్గర బండ్లు ఆగిపోయాయి. కారులో ఊరికే కూర్చున్నాం.

"ఏందన్నా, శనివారం వస్తలేవు?" అని అడిగాను.

"చేతనైతలేదు."

"ఫోన్ల చూస్తున్నవా మరి?"

"లేదు."

ముందున్న లారీ కొంచెం కదిలి మళ్ళీ ఆగింది. అన్న అద్దంలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు.

"నా పక్క మంచపోడు ఉన్నన్నొద్దులు ఆ టీము సరిగ్గ గెల్వనే లేదురా. ఓడినప్పుడల్లా ఎవన్నో ఒకన్ని తిట్టుకుంట పండుకుంటుండె. ఇప్పుడు గెలుస్తున్నరట గద. వాడు ఏ దేశంల సచ్చిండో ఆ దేశం పైసలతోని గెలుస్తున్నరు. నేనెట్ల సప్పట్లు కొట్టాలె?"

"అయితే మేం గూడ చూడొద్దా?"

"నేనెందుకు వద్దంట? మీకు వాడు తెల్వదు గద."

మాకు నువ్వు తెలుసు గదన్నా, అనాలి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అంటే ఇక చూడడం మానాలి. ఆ ఏడాది మా టీము అంతకుముందు ఎన్నడూ లేనంత పైకి వచ్చింది. నేను గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చాను.

ఆయన మమ్మల్ని ఏమీ కోరలేదు. కోరితే కోపం తెచ్చుకునేవాళ్ళమేమో. కోరలేదు కాబట్టి, ఆయనకు అభ్యంతరం లేదని మాలో మేం చెప్పుకున్నాం.

అన్న పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. మాలో ఆచారమది. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఇస్తారాకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తాం. ముట్టకపోతే వాళ్ళ మనసులో ఏదో కోరిక ఉండిపోయిందని, దాన్ని తీరుస్తామని పైకి మాట ఇస్తాం.

ముందురోజు పెద్దమ్మ నన్ను పిలిచింది. "వాని బంతాట అంగి ఉండాలె గదరా. గది గూడ పెడ్దాం. వానికి దానికంటె ఇష్టమైంది ఏమున్నది?"

ఆయన విడిచేసిండు పెద్దమ్మా అని చెప్పొచ్చు. ఎందుకు విడిచాడని అడుగుతుంది. అప్పుడు తెల్ల గుడ్డల ముచ్చట చెప్పాలి. నేను గొడౌన్‌కు పోయాను. జెర్సీ ప్రొజెక్టర్ మీదనే ఉన్నది, నూనె మరకలతో. మాసిన బట్ట ఎట్ల పెడతాం అనుకున్నాను. ఇంటికి వచ్చి బీరువాలోంచి నాది తీశాను. ఆ ఏడాదిది, కొత్తది. ఛాతీ మీద ఆ దేశపు విమానాల కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్నది.

పెద్దమ్మ దాన్ని ఆ పేరు పైకి కనబడేటట్టు మడతపెట్టి అన్నం, కోడికూర, కల్లు పక్కన పెట్టింది.

పిట్ట రాలేదు. చాలాసేపు నిలబడ్డాం.

"వెంచర్లు పడ్డంక చెట్లే లేకపాయె, పిట్టలు యాడికెల్లి వస్తయి" అన్నాడు మా చిన్నాయన.

"ఊకోండ్రి. వాని మనసుల ఏమున్నదో అడుగుండ్రి" అన్నది పెద్దమ్మ.

ఒక్కొక్కరే ముందుకు పోయి చేతులు జోడించారు. "మీ అవ్వను మేం చూసుకుంటం, రారా." "మీ బాపు సమాధి కాడ్నే నీకు గూడ కట్టిస్తం." ఏ మాటకూ పిట్ట రాలేదు. పెద్దమ్మ నా దిక్కు తిరిగింది.

"దవాఖానకు ఎంబడి తిరిగినోడివి నువ్వు. నీకు చెప్పకుండ ఉంటడా? ఏం కావాలెనో నువ్వు చెప్పరా."

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇగ మేం చూడం అన్నా, అంటే చాలు. జెర్సీ తీసి పక్కకు పెట్టినా చాలు. అక్కడ నిలబడి ఉండగా నా మనసులో మెదిలింది వేరే. ఆ శనివారం మా టీముకు, పాత శత్రువుల్లాంటి పక్క ఊరి టీముకు ఆట ఉన్నది. ఆ సంగతి గుర్తుకొచ్చింది.

"పెద్దమ్మను చూసుకుంటనన్నా" అన్నాను. అప్పటికే ముగ్గురు అన్న మాట అది.

చివరికి ఆకు తీసి ఆవుకు పెట్టారు. పిట్ట రాకపోవడంలో అర్థం ఉన్నదని నేను నమ్మను. చెట్లు నిజంగానే లేవు. నేను రాస్తున్నది పిట్ట గురించి కాదు.

శనివారం నాటికి ఇంకా అంటు తీరలేదు, మొయినాబాద్ పోవడానికి లేదు. పెద్దమ్మ ఇంటి వెనక మోటరు దగ్గర కూర్చుని ఫోన్‌లో చప్పుడు లేకుండా చూశాను. గోల్ పడినప్పుడు అరుపు రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

పదో రోజుకు టెంటు వేయడానికి మావాడు వచ్చాడు. కిరాయి వద్దన్నాడు. అన్న ఫోటో పెట్టిన బల్ల మీద ఆ తెల్ల గుడ్డల్లో ఒకటే పరిచాడు. అతనికి గుర్తుకు రాలేదు, నాకు వచ్చింది. ఓదార్చాలని పెద్దమ్మ పక్కన కూర్చుని, "అవ్వా, అన్న పనిచేసిన దేశపోళ్ళే ఇప్పుడు అన్న టీముకు ఓనర్లు. ఆ అంగి మీద పేరు గూడ వాళ్ళదే" అని చెప్పాడు.

జెర్సీని ఎవరికీ ఇవ్వనీయలేదు ఆమె. ఉతికి, మడతపెట్టి, ఫోటో కింద పెట్టెపై పెట్టుకున్నది. మావాడు ఆ వారమే నాకు ఫోన్ చేసి, "నీకు ఇంకో అంగి తెప్పియ్యాల్నా?" అని అడిగాడు. సైజు చెప్పాను.

మొన్న ఆదివారం కూడా పోయాను.

"గెలిచిండ్రా?"

"గెలిచిండ్రు పెద్దమ్మ."

"మంచిగైంది." చాయ పోసి ఇచ్చి, పెట్టె పక్కన కూర్చున్నది. కొంచెంసేపటికి, "వాళ్ళను ఎంత తిట్టిన్నో బిడ్డా" అన్నది. "పొద్దున లేస్తె తిట్టుడే. వాడు ఒక్కనాడు గూడ నాకు ఎదురు చెప్పలే. వాని టీమును సాకేటోళ్ళు వాళ్ళేనని నాకేం తెలుసు? ఇష్టమైనోళ్ళను కన్నతల్లి తిడుతుంటె ఇనుకుంట ఎట్ల కూసున్నడో. మనసుల ఎంత నొచ్చుకున్నడో."

"అట్లేం లేదు పెద్దమ్మ."

"నీకు తెల్వదు తియ్యి. ఇగ తిడ్తలేను. బంద్ చేసిన."

ఆమెకు మిగిలింది ఆ కోపమొక్కటే. అది న్యాయమైన కోపం. దాన్ని ఆమె తప్పని వదిలేసింది. వదిలేసేలా చేసిన అంగి నా బీరువాలోది. ఇది ఇప్పుడు చెప్పొచ్చు. పక్క మంచం మలయాళీ దగ్గర మొదలుపెట్టి, కారులో అన్న చెప్పిన మాట దాకా చెప్తే ఆమె ఆ జెర్సీ తీసి బయట పడేస్తుంది. మళ్ళీ తిట్టడం మొదలుపెడుతుంది. నన్ను కూడా తిడుతుంది. వచ్చే ఆదివారం ఆ మాట అడగదు.

"ఎట్ల గెలిచిండ్రో చెప్పు" అన్నది. "వాడు చెప్తుండె చూడు, అట్ల చెప్పు."

చాయ గ్లాసు కింద పెట్టాను. బంతి ఎవరి కాలి నుంచి ఎవరి కాలికి పోయిందో మొదటినుంచి చెప్పాను. గోల్ ఇక పడుతుందనగా, అన్న ఆగినట్టే ఆగాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది.