నది దాటిన దోస్తులు

మా ఇంగ్లిష్ సారు పోయారని గోపాల్‌పేట నుంచి మేనత్త ఫోన్ చేసింది. "సారు పోయిండు బిడ్డా. కథ మాత్రం ఒడగొట్టే పోయిండు" అంది. కథ పూర్తిచేసే పోయారని ఏడుస్తూనే గర్వంగా అంది.

ఆ కథ ఓ పేరుమోసిన విదేశీ నవల. కొందరు దోస్తులు బతుకుకు అర్థమేమిటో వెతుక్కుంటూ కారులో దేశమంతా తిరుగుతారు. వనపర్తి కాలేజీలో మాకు పాఠం చెప్పిన సారు, రిటైరయ్యాక ఊళ్లో తన అరుగు మీద కూర్చుని దాన్ని మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. వినేది అత్తలాంటి వలస కూలీలు. వాళ్లకిది ఎక్కదని తోటి లెక్చరర్లు నవ్వారు. సారు మొండిఘటం. చివరిదాకా వినిపించి తీరుతానన్నారు.

మొదటిరోజే అత్త అడిగింది. "పని లేదు, పెండ్లి లేదు. గిట్ల దేనికి పోతున్నరు సారూ?"

"అదే తెల్వక పోతున్నరమ్మా."

"మేం కడుపు కోసం పోతిమి. వీళ్ల సంగతేందో జర చూద్దాం" అని ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది.

దోస్తులు ఓ పెద్ద నది దాటే చోట సారు వాళ్లచేత నీళ్లలో రూపాయి వేయించి దండం పెట్టించారు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు మనవాళ్లు చేసేది అదే. పుస్తకంలో అలా లేదు సార్ అన్నాను.

"లేకుంటే రాసినాయనదే తప్పు. నది దాటుకుంట దండం పెట్టనోడు ఉంటడా?"

కథ సగంలో ఉండగా బెంగళూరులో బిల్డింగు పని తగిలి అందరూ బండెక్కాల్సి వచ్చింది. ఇక లెక్చరర్ల మాటే నెగ్గిందనుకున్నాను. సారు భుజాన తువ్వాలు వేసుకుని వాళ్లతోపాటే ఎక్కి కూర్చున్నారు. దారి పొడుగునా చెబుతూనే ఉన్నారట. మానవపాడు దాటి చాలా దూరం పోయాక కథ ముగిసింది. బండంతా చప్పట్లు. సారు అక్కడే దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చారు. పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

మొన్న సారు అస్థికలు బీచుపల్లిలో కలిపాం. అత్తతోపాటు కథ విన్న మిగతావాళ్లంతా బెంగళూరు నుంచి బండి మాట్లాడుకుని వచ్చారు. పని అయ్యాక అందరం అదే బండిలో గోపాల్‌పేటకు బయలుదేరాం. నాకు దుఃఖం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. సారు గెలిచారు.

వంతెన మీదికి రాగానే డ్రైవర్ వేగం తగ్గించాడు. "సారు ముందల పోతుండు, దండం పెట్టుండ్రి" అంది అత్త. ప్రతి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎండకు మెరుస్తూ రూపాయలన్నీ ఒక్కసారే కృష్ణలోకి రాలాయి.