కానుక పళ్ళెంలో చెల్లని బిళ్ళలు

బజార్లో ఎవరూ తీసుకోని బిళ్ళను దేవుడు తీసుకుంటాడు. ఆమదాలవలస స్టేషనుకు అవతలి పేటలో ఉన్న చిన్న బాప్టిస్టు గుడిలో ఎవరూ బోధించకుండానే అందరికీ వంటబట్టిన నమ్మకం ఇది. కిరాణా కొట్టువాడు విసిరికొట్టిన వంకర పైసా, బస్సు కండక్టరు తిట్టి వెనక్కిచ్చిన చిల్లు బిళ్ళ వారమంతా కొంగు ముడిలోనో చొక్కా జేబులోనో ఓపిగ్గా కాచుకుని, ఆదివారం పాట పాడుతుండగా కానుక పళ్ళెంలో పడేవి. వేసేవాళ్ళు కళ్ళు మూసుకుని వేసేవారు. పాస్టరుగారు దాన్ని భక్తి అనుకునేవారు.

ఆ పళ్ళెం చివరికి చేరేది ఏసురాజు మేష్టారి దగ్గరికి. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మేష్టరు, సంఘానికి కోశాధికారి. ఆయన అబద్ధమాడగా ఇంతవరకూ ఎవరూ వినలేదు కాబట్టి ఆ పని ఆయనకు అంటగట్టారు. పొలమూ పుట్రా లేని మనిషికి ఆ మంచి పేరే ఆస్తి. భార్య జ్ఞానసుందరి మాత్రం, ఆ ఆస్తితో చింతపండు రాదని అప్పుడప్పుడూ గుర్తు చేస్తుండేది.

పంతొమ్మిది వందల అరవై ఏడు చివర్లో ఆయన పరీక్షల పని మీద విజయనగరం వెళ్ళి, నరసింగరావుగారి ఇంట్లో బస చేశాడు. నరసింగరావు కోర్టులో గుమాస్తా. సరదాకి నాణేలు పోగుచేసేవాడు. పట్టుగుడ్డ పరిచిన పెట్టె తెరిచి, టంకసాలలో పొరపాటున తప్పుగా పుట్టిన బిళ్ళలకు మంచి బిళ్ళలకన్నా ఎన్నో రెట్లు వెల పలుకుతుందని చెప్పాడు. ఏసురాజుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోకంలోని తప్పులన్నీ వారం వారం తన ఒళ్ళోకే వచ్చి పడుతుంటే, ఇన్నాళ్ళూ గుడ్డివాడిలా ఉన్నాడన్నమాట!

మరుసటి ఆదివారం నుంచి ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. పళ్ళెంలో పాడుబిళ్ళ కనిపిస్తే దాన్ని తీసుకుని, దాని విలువకు మంచి బిళ్ళ తన జేబులోంచి వేసేవాడు. అందరూ చూస్తుండగానే వేసేవాడు. పాడుబిళ్ళలు ఇంట్లో పౌడరు డబ్బాలోకి చేరేవి.

సెలవు వస్తే చాలు, డబ్బా పట్టుకుని పాసింజరెక్కి విజయనగరం. నరసింగరావు ఒక్కో బిళ్ళా చూసి పక్కకు తోసేసేవాడు. పలచగా సాగిపోయిన మూడు పైసల బిళ్ళ టంకసాల మర రెండోసారి నొక్కింది కాదట, రైలు పట్టా మీద పెట్టిందట. అంకె అరిగిపోయిన బిళ్ళను ఎవడో సైకిలు బోల్టు కింద బిగించాడట. చిల్లు బిళ్ళ ఏ పసివాడి మొలతాటి నుంచో ఊడి వచ్చిందట.

"గీత పైకి లేచి ఉంటే అది అచ్చులోని పగులు, టంకసాల తప్పు. లోపలికి దిగితే గోకుడు, మనిషి తప్పు," అని నేర్పాడాయన. "అంచు కొరికినట్టుంటే అక్షరాలు చూడండి మేష్టారూ. తర్వాత కత్తిరించిన బిళ్ళయితే అక్షరం సగంలో టక్కున తెగుతుంది. అచ్చు వెయ్యకముందే రేకు తక్కువ పడి ఉంటే, అచ్చు పడేటప్పుడు అక్షరం ఆ ఖాళీ వైపు సాగి సన్నగిల్లిపోతుంది. ఎదుటి అంచు కూడా సరిగ్గా లేవదు."

ఏసురాజు బుద్ధిగా నేర్చుకున్నాడు. ఇక్కడ పేటవాళ్ళూ బుద్ధిగానే నేర్చుకున్నారు. మేష్టారు పాడుబిళ్ళకు మంచి బిళ్ళ వేస్తాడని తెలిశాక, ఇదివరకు సిగ్గుపడుతూ వేసినవాళ్ళు దర్జాగా వెయ్యడం మొదలెట్టారు. "మేష్టారికి పనికొస్తాది" అని పక్కవాళ్ళ పాడుబిళ్ళలు కూడా అడిగి తెచ్చారు. ఒకరిద్దరు ఆయన ముచ్చట చూసి, మంచి బిళ్ళలనే పట్టాల మీద పెట్టి మరీ తయారుచేశారు. ఆ ఏడు గుడికి వచ్చిన కానుకల్లో పెద్ద భాగం మేష్టారి జీతమే. చప్పట్లు కొట్టి పాడింది మాత్రం సంఘమంతా.

అలాంటి రోజుల్లోనే ఈస్టరు ముందు ఒక పదిపైసల బిళ్ళ వచ్చింది. అంచున నెలవంకలా కొరుకు. ఏసురాజు భూతద్దం పెట్టి చూశాడు. అక్షరాలు తెగలేదు, కొరుకు వైపు సాగి మాయమయ్యాయి. ఎదుటి అంచు పేలవంగా ఉంది. ఎవరూ చెప్పకుండా, తన కళ్ళతో తాను పట్టుకున్న మొదటి అసలు తప్పు అది. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. వేసవి సెలవుల్లో నరసింగరావుకు చూపించి మెప్పు పొందుదామని దాన్ని దూదిలో పెట్టి దాచుకున్నాడు.

సెలవులు రాకముందే, ఎక్కడో ఎవరో ఒక తప్పు బిళ్ళను ఐదువందలకు కొన్నారని పేపర్లో పడింది. దాన్ని టీ కొట్లో పైకి చదివినవాడు సత్యం. మిల్లులో మేస్త్రీ, సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అవగానే అతను లేచి నిలబడ్డాడు.

"మేష్టారూ, తప్పుగా అనుకోకండి. పనికిరాని బిళ్ళ తీసుకుని పనికొచ్చే బిళ్ళ ఎవుడైనా ఇస్తాడేటి? మీరు ఎర్రోరైనా అవ్వాల, లేకపోతే దేవుడి సొమ్ము తింటన్నోరైనా అవ్వాల. ఏటో మీరే సెప్పండి."

"నానేసిన బిళ్ళ కూడా అందులోనే ఉన్నాది బాబూ. దానికెంతొస్తాదో?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

ఏసురాజుకు తల కొట్టేసినట్టయింది. బిళ్ళలు విలువైనవంటే తను దొంగ. పాడువంటే తను వెర్రివాడు. అంతకన్నా బాధ, సత్యం మాటలో కొంత నిజం ఉండటం. పదిపైసలే ఇచ్చి తీసుకున్నది వందలు చేసేదైతే, దాన్ని కొన్నట్టా, కాజేసినట్టా? దూదిలో దాచుకున్ననాడు ఆ ప్రశ్న ఆయనకు తోచనే లేదు. ఇప్పుడది గుండెలో కూర్చుంది.

విజయనగరం నుంచి నరసింగరావునే పిలిపించి తేల్చాలన్నారు పెద్దలు. ఆయన మరుసటి ఆదివారమే వచ్చాడు. గుడి బల్ల మీద డబ్బా కుమ్మరించారు. ఏసురాజు దూదిలోని బిళ్ళను కూడా తెచ్చి వాటి పక్కనే పెట్టాడు. పెట్టకపోయినా అడిగేవాళ్ళు లేరు.

"రైలు. సుత్తి దెబ్బ. ఇది యాసిడ్. ఇది మళ్ళీ రైలు," అంటూ నరసింగరావు ఒక్కోటీ డబ్బాలోకి గిరాటేశాడు. ఒక్కోదానికీ జనం ఉసూరుమన్నారు. ఒక్కోదానికీ మేష్టారి పరువు కాస్త కాస్త తేరుకుంది.

చివరికి ఆ పదిపైసలు. నరసింగరావు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, అటూ ఇటూ తిప్పి, వెనక్కి వచ్చాడు.

"ఇదీ అంతే. ఎవరో కత్తెర వేశారు."

గండం గడిచింది. ఏసురాజు కూర్చుని ఊరుకుంటే చాలు. కానీ ఆయనకు అబద్ధం చెప్పడమే కాదు, అబద్ధం కింద తలదాచుకోవడం కూడా చేతకాదు.

"కాదండీ," అన్నాడు లేచి. "అక్షరాలు తెగలేదు, సాగాయి. ఎదుటి అంచు చూడండి. మీరు నేర్పిందే. ఇది అసలైన తప్పు. ఇది గుడిదే, నాది కాదు."

నరసింగరావు జనం వైపు తిరిగి చల్లగా నవ్వాడు. "కొత్తగా పోగుచేసేవాళ్ళకు ప్రతి దెబ్బా టంకసాల తప్పులాగే కనిపిస్తుందండీ. పాపం, మేష్టారికి ఇంకా పట్టుబడలేదు."

గుడి గుడంతా నవ్వింది. సత్యం వచ్చి మేష్టారి భుజం తట్టాడు. "కూకోండి మేష్టారూ. ఇప్పుడు మీ మీద మాకు పూర్తిగా నమ్మకం కుదిరింది."

కొత్తవాళ్ళకు నమూనాగా చూపించడానికి ఆ బిళ్ళ ఉంచుకుంటానన్నాడు నరసింగరావు. దానికి బదులు మెరిసే పదిపైసలు పళ్ళెంలో వేశాడు. అంత దూరం నుంచి వచ్చి సంఘం పరువు కాపాడినందుకు పాస్టరుగారు ఆయన కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఏసురాజు కూడా అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన చాప మీద కూలబడ్డాడు. జ్ఞానసుందరి కంచం పెట్టింది.

"ఆ విజీనగరం బాబు మిగతా బిళ్ళలన్నీ గిరాటేసినాడు. అదొక్కటే జేబురుమాల్లో సుట్టి లోజేబులో ఎట్టుకున్నాడు. సూసినాను," అంది.

ఏసురాజు తలెత్తాడు. "సూసి మరి ఊరుకున్నావేటి?"

"మీరన్నది నిజమని నాను లేచి సెప్తే దొంగోడి పెళ్ళాన్నవుతాను. ఊరుకుంటే ఎర్రోడి పెళ్ళాన్ని." ఆవిడ అన్నం వడ్డించి పులుసు గిన్నె దగ్గరికి జరిపింది. "ఎర్రోడి పెళ్ళాన్నయితే వచ్చే ఆదివారం కూడా గుడికి తలెత్తుకునే ఎళ్తాను. తినండి."