రోడ్డు దాటిన నిమ్మరసం

మొన్న ఆదివారం మెదక్ నుంచి ఫోన్ వచ్చింది. మా సివిక్స్ సారు పోయారు. పొద్దున చాయ్ తాగి, పేపర్ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా, ఎవరితోనూ చేయించుకోకుండా వెళ్లారు. ఏడుద్దామని కూర్చుంటే ఆయనతో పడ్డ తగాదాలే గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నా రాతలు చదివే మీకు నా కోపం కొత్త కాదు. దానికి మొదట ఎదురు ప్రశ్న వేసింది ఆయనే.

పదో తరగతిలో పంచశీల పాఠం. అయిదు సూత్రాలు గడగడా అప్పజెప్పి, శభాష్ కోసం చూస్తున్నాను. ఆయన సుద్దముక్క తిప్పుతూ, "మంచిగ చెప్పినవ్. గా సూత్రాలు రాసిన ఒప్పందం ఏ జాగ గురించి?" అన్నారు. జవాబూ ఆయనే చెప్పారు. టిబెట్‌తో వ్యాపారం గురించి ఇండియా, చైనా రాసుకున్న కాగితమది. ఇంటోళ్లను పిలవకుండానే ఇంటి మీద కాగితం రాసుకున్నారని వివరించి, ఈ మాట పరీక్షలో రాస్తే మార్కులు పోతాయని కూడా హెచ్చరించారు.

కాలేజీకి వెళ్లి ఎర్రజెండా పట్టాక నాకు అన్నీ తెలిసిపోయాయి. టిబెట్ అంటే లామాల దొరతనం, అమెరికా ఆట. సెలవులకు వచ్చి సారు అరుగు మీద అదే ఉపన్యాసం దంచాను. ఆయన చివరిదాకా విన్నారు.

"లామాలు జులుం చేసింది నిజమే. మన దొరలు చెయ్యలేదా? గందుకని మన పెత్తనం తీస్కపోయి ఇంకొకనికి ఇయ్యాల్నా?"

లోపలి వ్యవహారాల్లో జోక్యం వద్దని మూడో సూత్రం ఉంది కదా అని లా పాయింటు తీశాను. పక్కింట్లో ఏడుపు వినబడితే తలుపు కొట్టి ఏమైందని అడగడం జోక్యం కాదన్నారు. పేరులోనే స్వయంప్రతిపత్తి అని రాసిపెట్టుకున్న ప్రాంతంలో పిల్లలు తమ భాషలో చదువుకుంటున్నారా, మాట్లాడినవాళ్లు జైలుకు కాక ఇంటికే పోతున్నారా అని మన దేశం నోరు తెరిచి అడగాలి. ఆయన కోరిన విదేశాంగ విధానం అంతే. ఏటా చలికాలం ఆ సంగతే ఢిల్లీకి రిజిస్టర్ పోస్టులో రాసేవారు. జవాబొచ్చిందా అని నేను ఎత్తిపొడిస్తే, అడుగుడు మన వంతు అనేవారు. చైనా సరుకులకు తలుపులు బార్లా తెరిచిన మన సర్కారు ఈ ఒక్క మాటకు గొళ్లెం పెట్టుకుందని ఆయన కోపం. అక్కడ మాత్రం ఇద్దరం ఒక్కటే.

చలికాలమే ఎందుకంటే, అప్పుడే బస్టాండు దగ్గర స్వెట్టర్ల దుకాణం దిగేది. కర్ణాటకలోని శరణార్థుల శిబిరం నుంచి వచ్చే టిబెట్ ఆమెది. సారు ఆమెను చెల్లె అనేవారు. వెళ్లినప్పుడల్లా ఒక స్వెట్టర్ ముట్టి చూసి పెట్టేసేవారు. "కొంటవా సారూ, ఉత్తగ పిసుకుతవా? ఊలు అరిగిపోతది" అని ఆమె మెదక్ తెలుగులోనే అంటించేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే నిరాహార దీక్షల టెంటు ఆ దుకాణానికి ఎదురుగానే పడింది. పొద్దున కూర్చున్నవాళ్లు సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. ఒకరోజు ఆమె రోడ్డు దాటి వచ్చి, రేపు తానూ కూర్చుంటానంది. "మాది ఎప్పుడొస్తదో ఎరుక లేదు. మీది జల్ది రావాలె."

నా సంబరం చూడాలి. మా పేపర్ ఫోటోగ్రాఫర్‌కు చెప్పేశాను, హెడ్డింగు కూడా తయారు. సారు మాత్రం ఆమెను పక్కకు తీసుకెళ్లి, ఏదో చెప్పి వెనక్కి పంపేశారు. నాకు మండింది. ఇరవై ఏళ్లు ఉత్తరాలు రాసి, తీరా ఒక మనిషి పక్కన కూర్చుంటానంటే జంకారని, మీ ధైర్యమంతా కాగితం మీదేనా అని అందరి ముందూ అడిగేశాను.

ఆయన గొంతు తగ్గించారు. "ఆమెకున్నది ఒక్కటే కాగితం రా. ఈ దేశంల ఉండనిచ్చేది గదే. దీక్షల కూసున్నదని ఫోటో పడి, రేపు దాని మీద సర్కారు మొహర్ పడకపోతే నువ్వు పోయి ఇప్పిస్తవా?"

అన్నేళ్లు ఆమె దేశం గురించి వాదించాను గాని, ఆమె ఇక్కడ ఎట్లా ఉంటోందని ఒక్కసారీ అడగలేదు.

ఆమె కాగితానికి ఏ గండమూ రాలేదు. మన రాష్ట్రం వచ్చింది. వచ్చాక కూడా సారు ఉత్తరం మానలేదు. మనది మనకు దొరికిందని పక్కోళ్లను మరిచిపోతామా అని నన్నే దబాయించారు.

నా కళ్లలో నిలిచింది మాత్రం ఆమెను వెనక్కి పంపిన మరుసటి రోజు. టెంటులో ఆ రోజు సారు దీక్షకు కూర్చున్నారు. ఎదురుగా ఆమె ఎప్పటిలాగే దుకాణం తెరిచింది, బేరాలాడింది. మధ్యాహ్నం దాటినా టిఫిన్ డబ్బా మూత తీయలేదు, మంచినీళ్లు ముట్టలేదు. అది గమనించింది సారు ఒక్కరే. సాయంత్రం నిమ్మరసం వచ్చింది. పెద్దాయనని మొదటి గ్లాసు సారుకే ఇచ్చారు. ఆయన తాగలేదు. దుమ్ము పడకుండా గ్లాసు మీద అరచెయ్యి మూసి లేచారు. బస్సు పోయేదాకా రోడ్డు వారన ఆగి, నెమ్మదిగా దాటారు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తబోతే ఈసారి నేనే అతని చెయ్యి దించాను.

అవతల ఆమె లేచి నిలబడి, రెండు చేతులా గ్లాసు అందుకుంది. ఆమె తాగుతుంటే ఆయన, ఏమీ ఎరగనట్టు, ఒక స్వెట్టర్ ముట్టి చూస్తున్నారు.