పన్నెండో రోము నాణెం

జగ్గయ్యపేట బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే వాసవాంబకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. పాత రాగీ ఇత్తడీ తెచ్చి కొత్త బిందెలు పట్టుకెళ్లే ఊళ్లవాళ్లతో పాతికేళ్లు బేరాలు చేసిన మనిషి ఆమె. బిందె అడుగున సీసం పోసి బరువు పెంచినవాళ్లను చూసింది, కాడల్లో మట్టి కూరిన గంటెలు చూసింది. భర్త వెంకటకృష్ణారావు అలాంటివి చూసీ చూడనట్టు వదిలేసేవాడు. ఆయన పోయాక గల్లాపెట్టె ముందు ఆమె కూర్చుంది. ఆ రోజు నుంచి కొట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ తట్టి, తిప్పి, వాసన చూసి గాని లోపల పెట్టేది కాదు.

పాత సామానుతోపాటు అప్పుడప్పుడు పాత నాణేలూ వచ్చేవి. మొదట్లో వాటినీ రాగితో కలిపి కరిగించడానికి పంపేది. ఒకసారి ఏనుగు బొమ్మ ఉన్న సీసపు బిళ్ల ఒకటి చేతికొచ్చింది. దాన్ని ఎందుకో పక్కన పెట్టింది. నాలుగేళ్లలో ఒక బిస్కెట్ల డబ్బా నిండింది. అదేం పిచ్చని బంధువులు నవ్వేవాళ్లు. ఎవరు నవ్వితే వాళ్లకు ఆ డబ్బా మీద కన్నుందని ఆమె అనుకునేది.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో వత్సవాయి నుంచి సాంబయ్య అనే రైతు తువ్వాల్లో మూటకట్టి పదకొండు వెండి నాణేలు తెచ్చాడు. పత్తిచేను గట్టు సరిచేస్తుంటే పలుగు తగిలి చిన్న కుండ పగిలిందట. అన్నిటి మీదా ఒకడే రాజు, తలకు ఆకుల దండ, చుట్టూ ఇంగ్లీషులా ఉండి ఇంగ్లీషు కాని అక్షరాలు. కొన్నిటి మీద రాజు చెంపకు గాట్లున్నాయి. పలుగు దెబ్బలనుకుంది వాసవాంబ. గీటురాయి తీసి పదకొండింటినీ గీసి చూసింది. అన్నీ వెండే. ఎన్ని దొరికాయని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ పదకొండేనన్నాడు సాంబయ్య. మూడోసారి కాస్త తొందరగా అన్నట్టు తోచింది ఆమెకు. అయినా తూకం వేసి కొని, డబ్బాలో పెట్టుకుంది.

ఆ మరుసటేడు నందిగామలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే వరప్రసాదరావు కూజా కొనడానికి వచ్చాడు. మాటల్లో డబ్బా సంగతి బయటపడింది. సీసపు బిళ్ల శాతవాహనులదనీ, వెండివి రోము దేశపు చక్రవర్తి తైబీరియస్‌వనీ, రెండు వేల ఏళ్లనాడు ఓడల మీద వచ్చిన వర్తకుల సొమ్మనీ చెప్పాడు. ఇలా భూమిలో దొరికినవి సర్కారుకు చెప్పాలని కూడా అన్నాడు. ఆ ముక్క ఆమె విననట్టు ఊరుకుంది. ఒక నెలపాటు ఇస్తే అచ్చులు తీసుకుని వ్యాసం రాస్తానని అడిగాడు. మూడు నెలలు ఆలోచించి, అతని ఇల్లెక్కడో, అత్తవారెవరో కనుక్కుని, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చింది. చెప్పిన రోజుకే పదకొండూ తిరిగొచ్చాయి.

ఆ వానాకాలంలో ఒక నాణెం అంచున పచ్చటి మచ్చ లేచింది. గోటితో గీకితే ఉల్లిపొరలా వెండి ఊడి వచ్చింది. కింద ఎర్రటి రాగి.

వాసవాంబ ఆ రోజు అన్నం ముట్టలేదు. వెళ్లేటప్పుడు గీటురాయి మీద వెండి. వచ్చాక రాగి. అయితే నడుమ జరిగిందేమిటి? నాణేలు తన దగ్గరున్న నెలలోనే మాస్టారు కొత్త స్కూటరు కొన్నాడని గుర్తొచ్చింది. రెండుసార్లు హైదరాబాదు వెళ్లొచ్చాడట. నాణేలు తిరిగిచ్చేటప్పుడు కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికిందని కూడా అనిపించింది. తలుచుకున్నకొద్దీ ఆ చెయ్యి ఇంకాస్త ఎక్కువ వణికింది.

నందిగామ బస్సెక్కి తిన్నగా కాలేజీ స్టాఫ్ రూములోకి వెళ్లింది. అయిదారుగురు లెక్చరర్లున్నారు. నాణెం బల్ల మీద పెట్టింది.

"నేనిచ్చింది వెండి. తిరిగొచ్చింది రాగి. మధ్యలో ఉన్నది మీరొక్కరే మాస్టారూ" అంది.

వరప్రసాదరావు నాణెం తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లి చూశాడు. అతని మొహంలో భయం బదులు సంబరం లాంటిది కనిపించడంతో ఆమెకు మరీ ఒళ్లు మండుకొచ్చింది. ఇది ఆ కాలపు దొంగనాణెమేననీ, అప్పటివాళ్లే రాగిబిళ్లకు వెండిరేకు చుట్టి, కాల్చి, అచ్చు కొట్టేవాళ్లనీ ఏదో చెప్పబోయాడు. చేసిన దొంగతనం రెండు వేల ఏళ్ల కిందట చచ్చినవాళ్ల మీదకు తోస్తున్నారా అని ఆమె అడిగేసరికి ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అతని నోరు మూతపడింది.

ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగాడు. రుజువేమీ లేక ఉద్యోగం నిలిచింది, పేరు మాత్రం నిలవలేదు. తాటాకు పుస్తకాలూ, పాత శాసనాల నకళ్లూ తెచ్చి చూపించే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రావడం మానేశారు. వ్యాసం సగంలో ఆగింది. వాసవాంబ మాత్రం నందిగామ బస్సు చిల్లకల్లులో ఆగినప్పుడు ఎక్కి పక్కన ఎవరు కూర్చున్నా ఈ కథ చెప్పేది.

ఎనభై ఒకటి వేసవిలో సాంబయ్య భార్య బసవమ్మ ఒంటరిగా కొట్టుకు వచ్చింది. మెడలోని నల్లతాడు తీసి చేతిలో పెట్టింది. దానికో వెండి బిళ్ల, పైన ఊడిపోయిన కొక్కెం. కంసాలి దగ్గరకు వెళ్తే ఎక్కడిదని అడుగుతాడనీ, కొట్టు ముందు చిల్లుబిందెలకు మాట్లు వేసేవాడితో ఇక్కడే అతికించి పెట్టమనీ నసిగింది.

బిళ్ల మీద అదే రాజు.

"పన్నెండోదా?" అంది వాసవాంబ.

"అవునండీ. చెప్పొద్దన్నాడు మా ఆయన."

తన అనుమానం నిజమైనందుకు క్షణంపాటు వాసవాంబ మనసు తేలికపడింది. అంతలోనే కొక్కెం ఊడిన చోట కన్ను పడింది. చిరిగిన వెండి కింద ఎర్రగా రాగి.

"దీన్ని ఎవరికైనా ఇచ్చావా? నందిగామ మాస్టారికి గాని?"

"ఆయనెవరో నాకు తెలీదండీ. కుండ పగిలిన రోజే మా ఆయన కొక్కెం తగిలిస్తే కట్టుకున్నా. నీళ్లు పోసుకునేటప్పుడు కూడా తియ్యలా."

వాసవాంబ బసవమ్మను అనుమానించి చూసింది, సాంబయ్యను మళ్లీ అనుమానించింది. ఎవరూ అతకలేదు. చివరికి గీటురాయి తీసి ఆ బిళ్లను చదునుగా ఉన్నచోట గీసింది. తెల్లటి గీటు పడింది, మేలైన వెండి గీటు. రాయికి పైపొర తప్ప లోపలిది తెలియదు. ఆ సంగతి ఎరగక, బంగారంలాంటి మనిషిని నాలుగేళ్లు దొంగను చేసింది.

రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు బసవమ్మను అడిగి ఆమె బిళ్లనూ, తన దగ్గరున్న రాగి తేలిన నాణేన్నీ తీసుకుని వాసవాంబ నందిగామ వెళ్లింది. ఇంటికి వెళ్లి మాస్టారికి ఒక్కడికే చెప్పి రావచ్చు. కానీ స్టాఫ్ రూముకే వెళ్లింది. అప్పటివాళ్లలో ఇద్దరే మిగిలారు, తక్కినవాళ్లంతా కొత్త మొహాలు. వాళ్లకు సంగతే తెలియదు. అందుకని ముందు తను వేసిన నింద మొత్తం మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చెప్పింది.

"ఆ రోజు ఇక్కడే అన్నా, ఇక్కడే చెప్తున్నా. మాస్టారు దొంగ కాదు. నాకే చూడ్డం రాలేదు."

వరప్రసాదరావు కుర్చీలోంచి లేచాడు. ఆమెను బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. రెండు బిళ్లలూ పక్కపక్కన పెట్టి చూసి, నెమ్మదిగా అన్నాడు.

"నేనూ మిమ్మల్ని అనుమానించానమ్మా. మీరే ఒకటి మార్చి నామీదకు తోశారేమోనని. ఇవాళ్టి దాకా."

ఆమెకు కోపం రాలేదు. అతని చోట ఉంటే తనూ అంతే అనుకునేది.

రాజు చెంప మీది గాట్లు పలుగువి కావని అప్పుడే చెప్పాడు. లోపల రాగి ఉందేమోనని ఈ దేశపు వర్తకులే ఉలితో కొట్టి చూశారని కొందరు పండితులంటారట. వాసవాంబ నాణేన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది. తనకు రాని పరీక్ష వాళ్లకు తెలిసిందన్నమాట అనుకుంది.

సర్కారుకు అప్పగించడానికి సాంబయ్యను ఒప్పించేసరికి రెండేళ్లు పట్టింది. జైల్లో వేస్తారని అతని భయం. చివరకు బసవమ్మే తాడు తెంపి బిళ్ల ఇచ్చేసింది. మాస్టారు కాగితాలు రాశాడు. వాసవాంబ, మాస్టారు, సాంబయ్య ముగ్గురూ కలిసి బందరు కలెక్టరాఫీసుకు వెళ్లారు.

అక్కడి ఆఫీసరు నాణేలు చూసి, పన్నెండేనా అని అడిగాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. ఇన్నేళ్లు ఎందుకు దాచారన్నాడు. వాసవాంబ ఉన్నదున్నట్టు చెప్పింది. అతను నమ్మలేదని కళ్లలో తెలుస్తూనే ఉంది. రాగి బయటపడ్డ రెండింటినీ నకిలీలంటూ పక్కకు తోశాడు. అవీ అప్పటివేననీ, జాబితాలో ఎక్కించేదాకా కదలననీ ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. మాస్టారు నచ్చజెప్పాక ఎక్కించారు. ఆ తర్వాత విచారణకు మూడుసార్లు మనుషులొచ్చారు. కుండలో వంద ఉన్నాయనీ, వాసవాంబ మేడ ఆ వెండితోనే లేచిందనీ వత్సవాయిలో మాట పుట్టింది. ఆ మాట పోనే లేదు. బస్సులో ఎవరు గుసగుసలాడినా అది తన గురించేనని ఆమె అటు చెవి పెట్టేది.

ఎనభై నాలుగులో వరప్రసాదరావు వ్యాసం ఒక ఇంగ్లీషు చరిత్ర పత్రికలో అచ్చయింది. ఒక ప్రతి తెచ్చి ఆమెకిచ్చి, అందులో ఆమె పేరు, బసవమ్మ పేరు ఉన్నాయని చెప్పి వెళ్లాడు. వాసవాంబకు ఇంగ్లీషు రాదు. ముందు బ్యాంకు గుమాస్తా చేత చదివించుకుంది. వారం ఆగి, అతనితో పరిచయం లేని హైస్కూలు పంతులమ్మ ప్రమీలారాణి చేత మళ్లీ చదివించుకుంది. ఇద్దరూ ఒకటే చెప్పారు. అప్పుడు పుస్తకాన్ని మడత పడకుండా బీరువాలో చీరల కింద దాచుకుంది.