అత్తగారి దారం

మా అత్తగారు బొంత కుడుతూ దారాన్ని పళ్ళతోనే తెంపేవారు. కత్తెర అందిస్తే, "పళ్ళుండగా కత్తెరెందుకమ్మాయ్?" అనేవారు.

పంతొమ్మిదివందల అరవైల్లో, నేను జగ్గయ్యపేటకు కాపరానికి వచ్చిన కొత్త. ఒక మధ్యాహ్నం ఆవిడ దారం కొరకగానే టక్కుమంది. దారం తెగలేదు, దవడ విరిగింది.

ఎముకలన్నీ గుల్లబారాయన్నారు బెజవాడ డాక్టరు. ఆవిడ పక్కటెముకలోంచే ముక్క తీసి దవడలో అతికారు. అంత బక్కప్రాణం తట్టుకుంటుందని ఎవరం అనుకోలేదు.

ఏడాది తిరక్కుండానే ఆవిడ మళ్ళీ బొంత ముందేసుకున్నారు. అలవాటుగా దారం నోటిదాకా తీసుకెళ్ళారు.

"వద్దు అత్తయ్యగారూ!" అని అరిచాను.

ఆవిడ ఆగారు. వంకరపోయిన నోటితో నవ్వి, దారం నాకందించారు.

"అయితే నువ్వు కొరుకమ్మాయ్."

నోట్లో పెట్టుకున్నాను. ఆ టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చి, నా పళ్ళు కలవలేదు.