పెద్దాయన పేజీ చివరి చుక్క

ఆ రోజుల్లో "నాకు తెలీదు" అన్న మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఇప్పుడు తెగ వస్తుందని కాదు గానీ, కనీసం గొంతుదాకా వచ్చి ఆగుతుంది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చేతిలో బీకాం పట్టా, దాని మీద ఆరు నెలల కంప్యూటర్ డిప్లొమా, ఈ రెంటికీ ముందు నడిచే నోరు. మా నాయన నా చదువును చూసి గర్వపడేవాడు, నోటిని చూసి భయపడేవాడు. "ఆరు నెల్లు చూస్తా. యాడన్నా పనికి పోయి మాటకు మాట చెప్పి వాపసొస్తివా, బీఈడీలో చేర్పిస్తా" అన్నాడు. పిల్లలకు పాఠం చెప్పే ఓపిక నాకు లేదని ఆయనకూ తెలుసు, మా వీధి పిల్లలకూ తెలుసు. అందుకే, కడప దగ్గర బండల ఫ్యాక్టరీలో కొత్త వెబ్‌సైట్ చూసుకునే మనిషి కావాలంటే పరుగున పోయాను. ఈ పని వచ్చునా అని అడిగితే వచ్చునన్నాను. (అప్పటికి నేను వెబ్‌సైట్లు తెరిచి చదవడమే ఎరుగుదును. భోజనం చేయడం వచ్చినవాళ్లు వంట మాత్రం చేయలేరా అని నా ధీమా.)

ఫ్యాక్టరీ ముగ్గురు అన్నదమ్ములది. పెద్దాయన, నడిపాయన, చిన్నాయన అనేవాళ్లు అందరూ. గనుల నుంచి వచ్చిన నల్లబండలను కోసి, నునుపు పట్టించి, మద్రాసుకూ బెంగళూరుకూ పంపేవాళ్లు. పెద్దాయన చదివింది ఐదో తరగతి. కానీ బండ మీద వెంట్రుకంత గీతున్నా పదడుగుల దూరం నుంచే పట్టేసేవాడు, ఆ బండ పక్కకు పోవాల్సిందే. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అబ్బాయి వెబ్‌సైట్ తయారుచేసి, సైట్‌లో రాతలూ ఫోటోలూ మార్చే కంట్రోల్ ప్యానెల్ ఇదీ, పాస్‌వర్డ్ ఇదీ అని నాకొక కాగితమిచ్చి, అరగంటలో అంతా చూపించి బస్సెక్కాడు. నేను ప్రతిదానికీ తల ఊపాను. ఆయుధపూజ నాడు పెద్దాయన కుంకుమ గిన్నె పట్టుకొచ్చి "కంట్రోల్ ప్యానెల్ యాడుండాది పాపా, బొట్టు పెట్టల్ల" అన్నాడు. ఆయనకు తెలిసిన కంట్రోల్ ప్యానెల్ అంటే మిషన్లు ఆన్ చేసే ఇనుప పెట్టె. అది కంటికి కనపడేది కాదు సార్ అని వాదిస్తే, కనపడనిదానికి నీకు జీతమెందుకన్నాడు. మానిటర్‌కు మూడు బొట్లు పెట్టించాను.

అసలు చిక్కు ఫోటోలతో వచ్చింది. వెబ్‌సైట్‌లో అన్నదమ్ములకు తలా ఒక పేజీ, మొదటి తెర మీద ఒకరి కింద ఒకరుగా ముగ్గురి ఫోటోలు, వాటి కింద వాళ్ల గురించి నాలుగు ముక్కలు. మా వైపు పెద్దిళ్లలో పెండ్లిపత్రికలో అయినా, కొట్టు బోర్డులో అయినా, పేర్లు వయసు వరుసలోనే ఉండాలి. ఈ అన్నదమ్ముల ఇంట్లోనే ఒకసారి పెండ్లిపత్రికలో తమ్ముడి పేరు అన్న పేరుకు పైన పడిందని మొత్తం కట్టలన్నీ పొయ్యిలో వేసి మళ్లీ అచ్చు వేయించారట. వెబ్‌సైట్‌కు ఆ పట్టింపు లేదు. చివరగా ఎవరి పేజీ మారిస్తే వాళ్లను పైకెక్కించడం దాని అలవాటు. అమ్మకాలు చిన్నాయనవి కాబట్టి ఏ బండలు సిద్ధంగా ఉన్నాయో ఆయన పేజీలో రోజూ మార్చేదాన్ని. దాంతో మీసం మెలేసిన ఆయన ఫోటో పైన, పెద్దాయన అందరికన్నా కింద. మద్రాసు వ్యాపారి ఒకడు ఫోన్ చేసి "ఓనరుగారు ఉన్నారా" అని చిన్నాయన పేరు చెప్పాడు. ఫోన్ ఎత్తింది పెద్దాయన.

ఆయన అరవలేదు. నా కుర్చీ పక్కన నిలబడి, తెర మీద ముగ్గురినీ ఒకసారి చూసి, "రేపు పొద్దున తొమ్మిదికి నేనొస్తా. వరుస సరిగ్గా ఉండల్ల. లేకుంటే ఈ డబ్బా వద్దు, దీన్ని చూసే మనిషీ వద్దు" అన్నాడు. నా కళ్లముందు బీఈడీ కాలేజీ గేటు కనపడింది. హైదరాబాదు అబ్బాయికి ఫోన్ చేశాను. "అది సెట్టింగ్స్‌లో ఉంటుంది మేడమ్, మీకు తెలుసు కదా" అన్నాడు. ఎక్కడ బాబూ అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. "తెలీకనా, మీరు సరిగ్గా చేశారో లేదో అడుగుదామని చేశా" అని దులిపి, ఫోన్ పెట్టేశాను.

తర్వాత కూర్చుని నా తెలివితేటలన్నీ ఖర్చుపెట్టి ఒక ఉపాయం కనిపెట్టాను. ముందు చిన్నాయన పేజీ మార్చాలి, ఆ తర్వాత నడిపాయనది, ఆఖరున పెద్దాయనది. అప్పుడు పెద్దాయనే పైన. కానీ ఏ మార్పూ లేకుండా సేవ్ కొడితే ఆ మాయదారి పెట్టె లెక్కలోకి తీసుకునేది కాదు. అందుకని అన్నలిద్దరి పేజీల్లో ఆఖరి వాక్యం చివర ఒకరోజు చుక్క పెట్టేదాన్ని, మర్నాడు తీసేసేదాన్ని. తొమ్మిదికి ఆయన వచ్చి, తెర చూసి, తల ఊపి, బండల దగ్గరికి పోయేవాడు. జ్వరమొచ్చినా, వాన కురిసినా, ఆయనకంటే ముందు నేనక్కడ ఉండాల్సిందే. ఇంట్లో దేవుడికి దీపం ఒకపూట తప్పిందేమో గానీ ఆ చుక్క తప్పలేదు. నాయన పెట్టిన ఆరు నెలల గడువు రెండేళ్లయింది.

ఆ తర్వాత కర్నూలులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నా పనిలోకి బద్వేలు నుంచి ఒకమ్మాయి చేరింది, పట్టుమని ఇరవై ఒకటి కూడా ఉండవేమో. తలుపు దగ్గరికేసి, చుక్క రహస్యమంతా గురుమంత్రంలా చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, పెద్దాయన పేజీని కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. అడుగున 'వరుస' అని ఒక చిన్న గడి. అందులో ఒకటి వేసింది. మిగతా ఇద్దరికీ రెండు, మూడు.

"ఇంతే కదక్కా. నువ్వు ఎప్పుడూ కిందికి రాలేదా?"

సేవ్ బటన్ పైనే ఉండేది. కిందికి పోవాల్సిన అవసరం నాకు రాలేదు, అవసరముందేమోనన్న అనుమానమూ రాలేదు. ఏదో ఒకటి గట్టిగా అందామని నోరు తెరిచాను. "తెలీదమ్మా" అని వచ్చింది. (నా చెవులకే కొత్తగా వినపడింది.)

తలుపు తీసి చూస్తే పెద్దాయన ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. "ఇంకమీద చుక్క పని ల్యాదన్నమాట" అన్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు పాపా. ఒకరోజు చుక్క ఉండాది, ఒకరోజు ఉండదు. ఆ మాత్రం కనపడదా నాకు? నీకు పని రాదని మొదటి వారమే తెలిసె. రాకపోయినా పొద్దున్నే వచ్చి నన్ను పైన కూర్చోబెడతాండావు కదా అని ఊరికున్నా" అని, పనివాళ్లను కేకేసుకుంటూ వెళ్లిపోయాడు.

మొన్న ఇంట్లో వంటగదికి నల్లబండ వేయించాలనుకుని ఆ వెబ్‌సైట్ తెరిచాను. అది ఎప్పుడో మార్చేసి ఉంటారనుకున్నా, కొంచెం రంగులు మారాయి అంతే. పెద్దాయన పోయి చాన్నాళ్లయింది. ఫోటోకు దండ పెట్టారు గానీ వరుస మార్చలేదు, ఇంకా ఆయనే పైన. కింద ఆయన గురించి రాసిన నాలుగు వాక్యాలూ నావే. ఆఖరి వాక్యం చివర చుక్క లేదు. నేను వచ్చేసిన రోజు తీసేసే రోజన్నమాట, తీసింది తీసినట్టే ఉంది. ఆ పాస్‌వర్డ్ నాకింకా నోటికి వచ్చు. వేలు కీబోర్డు దాకా పోయింది. వద్దులే, పై నుంచి చూస్తే పట్టేస్తాడని నవ్వుకుని మూసేశాను.