సుగుణ పిన్నికి సగమే చెప్పిన మాట

మా చిన్నప్పుడు... ఢిల్లీ సర్కారు క్వార్టర్లలో ఎవరింట్లోనైనా మనిషి పోతే, హాల్లో సామానంతా గోడవారకి నెట్టేసి నేలంతా తెల్లదుప్పట్లు పరిచేవాళ్ళు. ఆడవాళ్ళు తెల్ల చున్నీలు కప్పుకుని వచ్చి కూర్చునేవారు. కూర్చున్న రెండో నిమిషంలో ఒకటే ప్రశ్న... "కైసే హువా?" ఎలా జరిగింది అని.

అడగకపోతే మర్యాద కాదు మరి! ఊరికే కూర్చుని వెళ్ళిపోతే, వీళ్ళకి బాధే లేదనుకుంటారని భయం.

మా పక్క క్వార్టర్లో సుగుణ పిన్ని ఉండేది. సొంత పిన్ని కాదు... శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చి నాలుగు నెలలైంది. హిందీ ఒక్క ముక్క రాదు. మా అమ్మ హిందీ కూరల బండి దగ్గరే అయిపోయేది. నేనేమో పదేళ్ళదాన్ని, తెలుగు కంటే హిందీయే బాగా వాగేదాన్ని.

ఒక సాయంత్రం బాబాయిగారు ఆఫీసు నుంచి వస్తూ, బస్టాపు దగ్గర రోడ్డు దాటుతుంటే ట్రక్కు గుద్దేసింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. పిన్ని వాళ్ళన్నయ్య వచ్చి ఆవిడని తీసుకెళ్ళేదాకా, ఆ ఇంటికి జనం వస్తూనే ఉన్నారు.

అమ్మ నన్ను పిన్ని పక్కన కూర్చోబెట్టింది. "వాళ్ళేమన్నారో పిన్నికి చెప్పు, పిన్ని ఏమందో వాళ్ళకి చెప్పు. ఒక్క ముక్క పోకూడదు."

"కైసే హువా?" అంటారు. నేను తెలుగులో అడగాలి. పిన్ని చెప్పాలి... పొద్దున్న ఆయన అన్నం డబ్బా మర్చిపోతే మెట్లదాకా పరిగెత్తి ఇచ్చిందట, సాయంత్రం కరివేపాకు తెస్తానన్నారట, ఇంతలో పోలీసులొచ్చారట... అదంతా నేను హిందీలో చెప్పాలి. ఇంకొకరు వస్తారు. మళ్ళీ మొదలు.

రెండో రోజుకి ఆవిడని అడగడం మానేశాను. నాకే నోటికి వచ్చేసింది! ఎక్కాలు అప్పజెప్పినట్టు... డబ్బా, మెట్లు, కరివేపాకు, పోలీసులు... గడగడా చెప్పేసేదాన్ని. "హోషియార్ బచ్చీ హై" అని కింది వాటా పంజాబీ ఆంటీ నా బుగ్గ గిల్లింది. తెలివైన పిల్లనని! నేను పొంగిపోయాను. సిగ్గులేనిదాన్ని... పిన్ని మొహం వైపు చూడనే లేదు.

మూడో రోజు, బస్టాపులో చాయ్ బండి పెట్టుకునే భయ్యా వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏమీ అడగలేదు. "మై వహీ థా, బెహన్‌జీ" అన్నాడంతే. అక్కడే ఉన్నానని.

అది తెలుగులో చెప్పగానే పిన్ని నిటారుగా కూర్చుంది. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడే అడిగింది.

"ఆయన నీళ్ళడిగారేటో కనుక్కోమ్మా... ఆయనకి దాహం ఎక్కువ. ఎవరైనా ఇన్ని నీళ్ళిచ్చారా?"

అడిగాను. భయ్యా తల వంచుకున్నాడు. "మాంగా థా, బేటా... నహీ దే పాయా."

"అడిగారట పిన్నీ. ఇవ్వలేదట."

ఆవిడ గొంతులోంచి ఒక కేక వచ్చింది... ఏడుపు కూడా కాదది. నేను చటుక్కున వెనక్కి జరిగాను. భయ్యా ఏడుస్తూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళాడట. దెబ్బ తగిలినవాళ్ళకి నీళ్ళు పోస్తే ప్రమాదమని పక్కవాళ్ళు ఆపేశారట. ఇక ఏం చెయ్యాలో తోచక రోడ్డు మీదే కూర్చుని, పోలీసు వ్యాను వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడట.

నాకంతా అర్థమైంది. కానీ నోరు పెగల్లేదు.

"ఏటంతన్నాడమ్మా? ఇంకా ఏటంతన్నాడు?" అని పిన్ని నా భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. "దాన్ని వదిలెయ్యి సుగుణా, చిన్నపిల్ల, జడుసుకుంది" అంటూ అమ్మ నన్ను మా ఇంట్లోకి లాక్కొచ్చి, దుప్పటి కప్పి పడుకోబెట్టింది. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి పక్కింటికి తాళం. వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్ళిపోయాడు.

అమ్మకైనా చెప్పి ఏడవొచ్చుగా? చెప్పలేదు! సగమే చెప్పానని తెలిస్తే తిడుతుందని భయం... నేను పెద్దదాన్నై చెప్పేసరికి అమ్మ దగ్గర పిన్ని చిరునామా లేదు. "పాలకొండో, రాజామో..." అని ఊరుకుంది.

మొన్న సాకేత్‌లో మా ఆఫీసువాళ్ళు, ఆపదలో ఉన్నవాళ్ళకి ఆసరాగా ఎలా ఉండాలో ఒక పూట శిక్షణ ఇప్పించారు. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి... పక్కన కూర్చోండి... వాళ్ళు చెబితే వినండి... బుద్ధిగా రాసుకుంటున్నాను. "మాటలు అటూ ఇటూ చేరవేసే పని పిల్లలకి పెట్టకండి" అని తెర మీద పడింది. పెన్ను అక్కడే పడేసి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

తర్వాత ఆ శిక్షణ ఇచ్చిన అమ్మాయికి అంతా చెప్పాను. "మీరప్పుడు చిన్నపిల్ల కదా మ్యామ్, మీ తప్పేం లేదు" అంది. ఎంత చక్కగా అంది! కానీ తప్పు నాది కాకపోతే మాత్రం ఆవిడకేం ఒరిగింది? ఇన్నేళ్ళూ తన మొగుడు నడిరోడ్డు మీద దిక్కులేకుండా పోయాడనుకుంటూనే బతికి ఉంటుంది కదా...

ఇప్పుడు మా నోయిడా టవర్లో ఎవరైనా పోతే, గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. ఎవరూ తలుపు తట్టరు. ఎలా జరిగిందని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న పోయినందుకు సంతోషించాలో, ఆ చాయ్ భయ్యా లాంటివాళ్ళు గుమ్మం దాకా రావడం కూడా పోయినందుకు ఏడవాలో నాకు తెలియడం లేదు.

మీ దగ్గరా ఇలా చెప్పకుండా మిగిలిపోయిన మాటలుంటే కింద రాయండి, బరువైనా దిగుతుంది... పాలకొండ, రాజాం వైపు, ఢిల్లీలో మొగుణ్ణి పోగొట్టుకుని తిరిగొచ్చిన సుగుణ అనే ఆవిడ మీలో ఎవరికైనా తెలిస్తే, ఇది చదివి వినిపించండి.

పిన్నీ... బాబాయిగారు ఒంటరిగా లేరు. వ్యాను వచ్చేదాకా ఒకాయన ఆయన చెయ్యి వదల్లేదు.